సముద్రంలో నాగటిచాళ్ళు

నా గొంతు పెద్దది. అందులో నా గొప్పతనమేమీ లేదు. అది రేకుల కప్పు నాకు పెట్టిన భిక్ష. పోర్టుబ్లెయిర్ హార్బరుకు ఆవలి ఒడ్డున, హోప్ టౌన్ పాఠశాలలో నేను తెలుగు చెప్పిన గదికి పైన రేకులే ఉండేవి. ఈ దీవులలో ఏడాదికి ఏడెనిమిది నెలలు వాన. రేకుల మీద వాన కురుస్తుంటే పక్కవాడి దగ్గు పక్కవాడికి వినిపించదు. అటువంటి గదిలో వెనుక వరుసన కూర్చున్న పిల్లవాడి చెవికి ఒక ఉత్పలమాలను చేర్చాలంటే వానను మించి పలకాలి. ముప్పైయేళ్ళు అలాగే పలికాను. ఉద్యోగం ముగిసింది కాని గొంతు దిగలేదు. లంబాలైన్‌లో మా ఇంటి పక్కనే విమానాలు దిగుతాయి. ఆ మోతలో సైతం నేను మంచినీళ్ళు అడిగితే నాలుగిళ్ళ అవతలివారు గ్లాసు పట్టుకొని వస్తారని మా వీధిలో ఒక పరిహాసం.

ఆ గొంతు వల్ల నేనొకనాడు చేసిన తప్పునూ, ఆ తప్పు వెంబడే కంటబడిన ఒక ఆశ్చర్యాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

విశాఖపట్నంలో నేను మొదటిసారి ఓడ ఎక్కిన నాడు మా మేనత్త కళ్ళు తుడుచుకుంటూ “విదేశం పోతున్నావురా” అన్నది. “అదీ మన దేశమే అత్తా” అన్నాను. “నడుమ సముద్రముంటే విదేశమే” అని ఆమె తేల్చివేసింది. నేను నవ్వుకున్నాను కాని, ఆమె మాటలో నిజమున్నదని నాకు తెలియడానికి నలభైయేళ్ళు పట్టింది. కావ్యానికి ఉండవలసిన పద్దెనిమిది వర్ణనలలో సముద్రవర్ణన ఒకటి. తిమింగలాలు, మకరాలు, పగడపుతీగలు, ముత్యపుచిప్పలు అన్నీ నాకు కంఠస్థమే. అయితే రోజూ రెండుసార్లు ఫెర్రీలో హార్బరు దాటుతూ ఆనాటి పాఠం నెమరువేసుకునేవాణ్ణే తప్ప, రెయిలింగు పట్టుకొని ఒక్కసారి నీటిలోకి తొంగిచూసిన జ్ఞాపకం నాకు లేదు. సముద్రం నడుమ కాపురముండి, సముద్రానికి విదేశీయుడిగానే బతికాను.

నన్ను అందులోకి తొంగిచూడమన్నవాడు సరంగు. ఆయన పేరుతో మాకెవరికీ పని పడలేదు. పడవ నడిపేవాడు కనుక అందరికీ సరంగే. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి చేపల వేటతో బతికే కుటుంబం వారిది. హోప్ టౌన్‌లో ఉన్న రోజులలో, గాలివానకు ఫెర్రీ ఆగిపోతే నన్ను తన చిన్న డింగీ పడవలో ఎక్కించుకొని ఆవలి ఒడ్డున దింపేవాడు. అలా కలిసిన స్నేహం. తరువాత ఆయన తన వాళ్ళతో ఉత్తరాన డిగ్లీపూర్ దాటి ఒక సముద్రపు వాడకు తరలిపోయాడు. పండుగకూ పబ్బానికీ ఫోను మాత్రం తప్పలేదు.

పోయిన మాఘమాసంలో ఒకనాటి ఉదయం ఆయన గొంతు కొత్తగా వినిపించింది.

“పంతులుగారూ, ఈ పున్నమికి మీరు రావాలండి. దీదీని కూడా ఎంటబెట్టుకు రండి. ఆదివారం మా సంగం కూకుంటాది. ఈలోగా ఆవు కనబడాల.”

“ఏ ఆవు?”

“ఇంకే ఆవండీ? సముద్రంలో ఆవు. నాకు రెండు కళ్ళు సాలటం నేదు. మీయి రెండూ, దీదీయి రెండూ కావాల.”

దీదీ అంటే మా పక్కింటి ఆవిడ. మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన కోస్తా కుటుంబంలో పుట్టి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నది. సరంగు పిల్లలిద్దరికీ పురుడు పోసింది ఆవిడే. ఆవిడకంటె పెద్దవాళ్ళు కూడా ఆవిడను దీదీ అనే పిలుస్తారు. నేను సంగతి చెప్పగానే అలమారలోంచి పాత దుర్భిణీ తీసి మెడలో వేసుకున్నది.

“చలో సర్. ఇన్నాళ్ళూ మీరు ఎండు చేపలు కూడా చూడలేదు. ఇప్పుడు సీదా పానీసువర్‌నే చూస్తారా!”

పానీసువర్ అంటే నీటిపంది. దీవులలో ఎక్కువమంది దానిని ఆ హిందీ పేరుతోనే పిలుస్తారు. సరంగు ఒక్కడే ఆవు అంటాడు. రెండు నిలువుల పొడవు పెరిగే జంతువది. చేప కాదు. తీరానికి దగ్గరలో, సముద్రపు అడుగున మొలిచే గడ్డిని మేస్తుంది; దూడకు పాలిస్తుంది; ఊపిరి కోసం కొన్ని నిమిషాలకొకసారి పైకి రాక తప్పదు. చూపరులకు ఎదురుపడడం మహా అరుదు.

చీకటి విడవకముందే పోర్టుబ్లెయిర్‌లో బస్సెక్కితే, అడవులూ ఉప్పుటేరులూ దాటి, డిగ్లీపూర్ చేరేసరికి సాయంకాలమైంది. అక్కడి నుంచి సరంగు వాడ అరగంట దారి. ఒడ్డున బోర్లించిన డింగీ నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి, ఆయన విషయమంతా విప్పి చెప్పాడు.

ముప్పైయేళ్ళ కిందట, ఈ వాడకు వచ్చిన కొత్తలో, ఎదురుగా ఉన్న చిన్న సముద్రపు మడుగులో ఆయన నిలువువల వేశాడు. గడ్డి మేతకు వచ్చిన ఒక ఆవు అందులో చిక్కుకొని, పైకి రాలేక, ఊపిరాడక చనిపోయింది.

“పైకి లాగితే దాని సంకల కాడ పాలు కారతన్నాయి, పంతులుగారూ. అక్కడే ఉంటాయి దాని రొమ్ములు. అప్పుడు సూసేను దూడని. రెండ్రోజులు నా డింగీ సుట్టూనే తిరిగింది. నేనెటు పోతే అటు వొచ్చింది. డింగీయే తల్లనుకుంది. మూడోనాడు మరి కనబడనేదు.”

దీదీ తన కొంగును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నది.

ఆ వాడలో ఒక ఆచారమున్నది. సముద్రాన్ని గురించి సంఘంలో ఏ మాట చెప్పాలన్నా, చేతిని ఉప్పునీటిలో ముంచి, గంగమ్మకు బొట్టు పెట్టిన పడవ ముక్కు మీద ఆ తడిచేయి ఉంచి చెప్పాలి. తన కంట చూసినదే చెప్పాలి. విన్నది, ఊహించినది చెప్పకూడదు. నాడు సరంగు అలా చేయి ఉంచి జరిగినది చెప్పగా, ఆ మడుగులో గడ్డి ఉన్నంత మేర ఎవరూ వల వేయకూడదని వాడంతా కట్టుబడింది. ముప్పైయేళ్ళు ఆ కట్టు నిలిచింది. కాని రెండేళ్ళుగా ఎవరికీ ఆవు కనిపించలేదు. లేని ఆవు కోసం కట్టెందుకని ఇప్పుడు కుర్రకారు అడుగుతున్నారు. వారికి పెద్ద సరంగు మేనల్లుడే.

“ఆడి తప్పు నేదండి,” అన్నాడు సరంగు. “మొన్న వానల్లో బయట గాలికి ఆడి పడవ తిరగబడింది. ముగ్గురు బతికి బయటపడ్డారంటే గంగమ్మ దయే. మడుగులో అలలుండవు. అక్కడ వల ఏసుకుంటామంటన్నాడు. ఆదివారం నేను సెయ్యేసి ‘ఆవుని సూసేను’ అనగలిగితే గడ్డి నిలుస్తాది. నేదా, సోమారం వలలు పడతాయి.”

“చూశానని చెప్పేస్తే పోదా?” అన్నది దీదీ.

ఆయన ఆవిడ వంక చూసిన చూపుకు ఆవిడే తల దించుకొని “మాఫ్ కరో” అన్నది.

మరునాడు శుక్రవారం. ఉదయం పోటు వచ్చే వేళకు బయలుదేరాము. పోటు నీళ్ళతోనే ఆవు మేతకు వస్తుందట. మడుగు చేరాలంటే ముందు మడ అడవి నడుమ ఒక ఉప్పుకాలువ గుండా పోవాలి. కాలువ మొదట్లో మొసళ్ళున్నాయన్న హెచ్చరిక బోర్డు. నేను గభాలున చేయి పడవలోపలికి తీసుకున్నాను. బురదగట్టు మీద ఒక చేప నడుస్తున్నది. నా కళ్ళను నేను నమ్మలేదు. రెక్కలను మోచేతుల్లా ఆనించి, నుదుటిమీద ఉబ్బిన కళ్ళు తిప్పుతూ, అది మడవేరు మీదికి పాకి మమ్మల్ని చూసింది. దాని పక్కనే గోరంత పీతలు వందల సంఖ్యలో, ఒక్కొక్కటి తన ఒంటికి మించిన ఒకే ఒక్క ఎర్రని డెక్కను ఎత్తి దించుతున్నాయి. తరగతిలో ఒక ప్రశ్నకు అందరూ ఒకేసారి చేతులెత్తినట్టుంది.

“ఇవన్నీ ఎప్పటినుంచి ఉన్నాయి?” అని అడిగాను.

“మీరు రాకముందు నుంచేనండి,” అన్నాడు సరంగు.

కాలువ దాటగానే తలమీదుగా ఒక తెల్లకడుపు సముద్రపుగద్ద సాగిపోయింది. రెక్క ఆడించలేదు. గాలి మీద ఆనుకొని, ఒక్కసారిగా వంగి, కాళ్ళు చాచి నీటిని తాకింది. లేచేసరికి గోళ్ళలో ఒక వెండిచేప మెలికలు తిరుగుతున్నది. నాకు నోటిదాకా ఒక పద్యం వచ్చింది.

సరంగు ఇంజను ఆపాడు. “పంతులుగారూ, ఒక్క మాట. ఇక్కడి నుంచి నోరు ఇప్పకూడదు. దగ్గకూడదు. పడవ సెక్కకి కాలు తగలకూడదు. ఆవుకి సెవులు కనబడవు గాని, ఆటికి మించిన సెవులు మరి దేనికీ నేవు.”

“సర్ పది నిమిషాలు చుప్‌గా ఉంటే నేను ఖీర్ వండి పెడతాను,” అన్నది దీదీ. “పక్కా.”

“అరగంట ఉంటాను,” అన్నాను రోషంగా.

గెడతో నెమ్మదిగా తోసుకొని మడుగు నడిమికి చేరి, లంగరును చప్పుడు కాకుండా తాడుతో దించాడు. ముగ్గురమూ మూడు దిక్కులు పంచుకున్నాము. ఒడ్డు వైపు దీదీ, దక్షిణం సరంగు, తూర్పు నాది. నీరు ఎంత తేటగా ఉన్నదంటే పడవ దేనిమీద ఆగిందో తెలియలేదు. రెండు నిలువుల కింద గడ్డి. నారుమడి మీద గాలి వీచినట్టు ఆ గడ్డి అంతా ఒకేసారి ఒక పక్కకు వాలి, మళ్ళీ లేస్తున్నది. దానిలో నీలిరంగు సముద్రనక్షత్రాలు చెదిరి ఉన్నాయి. ఇన్నేళ్ళూ నేను రత్నాకరం అన్న మాటను పిల్లలకు వ్యుత్పత్తితో చెప్పాను. ఆ మాటను మొదట అన్నవాడు ఇలా ఒక పడవ అంచు మీద నుంచి వంగి చూసి ఉంటాడని ఆనాడు తోచింది.

అరగంట దాటింది. ముప్పావుగంట. దీదీ నా వైపు తిరిగి ఖీర్ ఖాయమన్నట్టు తల ఊపింది.

అప్పుడు గడ్డి మీదుగా ఒక మబ్బునీడ నా వైపు వచ్చింది. తలెత్తి చూశాను. ఆకాశంలో మబ్బు లేదు.

మళ్ళీ నీటిలోకి చూసేసరికి ఆ నీడకు ఒళ్ళు ఏర్పడింది. బూడిదరంగు, నునుపు, వీపు మీద తెల్లని పాత గీతలు. తొందర అన్నది పుట్టుకలోనే ఎరుగనట్టు అది పైకి వస్తున్నది. తోక ఒక్కసారి, కేవలం ఒక్కసారి, కిందికి ఊగింది. నీటి పైచర్మం చీలకుండానే మూతి బయటికి వచ్చింది. మూసి ఉన్న రెండు ముక్కుపుటాలు రెండు కిటికీ తలుపుల్లా తెరుచుకున్నాయి. నాకు పదిబారల దూరంలో అది ఊపిరి వదిలింది. పొద్దంతా పనిచేసి వచ్చి అరుగు మీద కూలబడే మనిషి ఊపిరి ఎలా ఉంటుందో అలా ఉన్నది. సముద్రం లోపలి నుంచి ఒక ప్రాణి పైకి వచ్చి నేను పీల్చుతున్న గాలినే పీల్చింది. నా ఒళ్ళు జల్లుమన్నది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆ తరువాత జరిగినది నేను చేసినట్టు నాకు గుర్తులేదు, జరిగిపోయినట్టు గుర్తు. ముప్పైయేళ్ళు రేకుల కింద వానతో పోటీపడి చదివిన సముద్రవర్ణన పద్యం, మొదటి పాదం, నిండు గొంతుతో నా నోటి నుంచి వెలువడింది.

రెండో పాదానికి అక్కడ ఏమీ లేదు.

సరంగు గిరుక్కున తిరిగాడు. ఆయనకు కనిపించింది నీటి మీద విస్తరిస్తున్న ఒక చక్రమూ, దాని కింద లేచిన బురద పొగా మాత్రమే.

“హాయ్ రామ్, సర్!” అన్నది దీదీ.

సరంగు తిట్టలేదు. “ఎటు?” అన్నాడు. చేయి చాపి చూపించాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాము. నీరు తగ్గనారంభించింది. తిరిగి ఏదీ లేవలేదు. లంగరు ఎత్తుతూ ఆయన అడిగాడు.

“ఏటండి ఆ పద్యం?”

మెల్లగా, మొత్తం చదివాను. ఆయన తల ఆడిస్తూ విన్నాడు.

“పద్యం బాగుందండి. కానీ దానికక్కర్నేదు.”

నేను ఆ పూట అన్నం తినలేకపోయాను. ముప్పైయేళ్ళ కట్టు ఒక్క పాదంతో తెగిందన్న బాధ. సాయంకాలం సరంగు మేనల్లుడు వచ్చాడు. నలభై దాటిన మనిషి. నుదుటి మీద పడవ తిరగబడిననాటి దెబ్బ తాలూకు మచ్చ. నన్ను చూడగానే చేతులు జోడించాడు. హోప్ టౌన్‌లో నా దగ్గర చదువుకున్నవాడే.

“మావా, సూసావా?” అన్నాడు.

“నేదు,” అన్నాడు సరంగు. “పంతులుగారు సూసేరు.”

“నేను చూశాను నాయనా. పదిబారల దూరంలో. ఏనుగుపిల్లంత ఉన్నది. నేను కావాలంటే ఆదివారం చేయి వేసి చెబుతాను.”

అతడు నవ్వు ఆపుకోలేకపోయాడు. “సార్, కోపగించుకోకండి. ముఖాన్ని చంద్రుడనొచ్చు, నడుముని లేదనొచ్చు, అతిశయోక్తి కవికి దోషం కాదని ఎనిమిదో తరగతిలో మీరే చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇప్పుడు మీ ఏనుగుపిల్లని సంఘం ఎలా నమ్మాల?”

నా పాఠం నా మీదికే అంత చక్కగా తిరిగి రావడం నేనెరుగను. దీదీ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

సరంగు నవ్వలేదు. నా ఎదురుగా చతికిలబడి, “పంతులుగారూ, అది ఎలాగుందో నాకొద్దు. ఎక్కడుందో సెప్పండి. గురుతులు సెప్పండి,” అన్నాడు.

“ఏ గురుతులు?”

వేటగాళ్ళు సముద్రంలో ఒక చోటును గుర్తుపెట్టుకునే పద్ధతి అది. ఒడ్డున దగ్గరి వస్తువు ఒకటి, దాని వెనుక దూరపు వస్తువు ఒకటి. రెండూ ఏ స్థలం నుంచి చూస్తే ఒకే గీతలోకి వస్తాయో చూసుకుంటారు. ఇంకో దిక్కున అలాంటి గీత మరొకటి. రెండు గీతలు కలిసిన చోటే గురుతు.

నేను కళ్ళు మూసుకున్నాను. ఒకసారి విన్న పద్యాన్ని జారవిడవకుండా పట్టుకోవడం చిన్ననాటి నుంచి అలవాటైన బుర్ర. ఆ క్షణం యతిభంగం లేకుండా నిలిచి ఉన్నది.

“దాని మూతి పైకి వచ్చినప్పుడు, వెనుక, మడుగు ఆవలి ఒడ్డున ఎండిన తెల్లని చెట్టు మోడొకటి, రెండు కొండల నడుమ గండి కిందికి సరిగ్గా వచ్చింది. బురద పొగ లేచినప్పుడు, నా కుడిచేతి వైపు, నల్లరాయి కొన వెనుకనున్న చిన్నదీవి కొనను ముట్టుకున్నట్టు కనిపించింది. రాయి మీద కొంగ ఉన్నది. అది ఎగిరిపోయింది కనుక లెక్కలోకి రాదు.”

సరంగూ మేనల్లుడూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు పోయింది.

“అది బయటి దిబ్బ గదా మావా,” అన్నాడు మేనల్లుడు నెమ్మదిగా.

“లంగరు జారి పడవ బయటి కొసకి పోయిందన్నమాట, నేను సూసుకోనేదు. ముప్పైయేళ్ళు నేను లోపలి గడ్డే ఎతుకుతున్నాన్రా,” అన్నాడు సరంగు. “బయటి దిబ్బమీద గడ్డుందని ఎవుడికి తెలుసు? పెద్ద ఆటుకి గాని అది తేలదు. రేపు తేలతాది. ఆవు మేసిన సోట గడ్డిలో నాగటిసాలు లాగ గీత పడతాది, ఉంటే కనబడతాది.”

“చాలు కనపడిందే అనుకో. లంగరు ఈడ్చినా చాలు పడతాది, మావా.”

“పడతాది. తేడా నీకు తెలీదేటి? నువ్వూ రా.”

శనివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే నలుగురమూ బయలుదేరాము. పున్నమి వెళ్ళిన మరునాటి ఆటు. సముద్రం అంత దూరం వెనక్కి పోవడం నేనెన్నడూ చూడలేదు. మూడు దాటేసరికి, నిన్న లోతున్నదనుకున్న చోట, తడిసిన పచ్చని వీపొకటి నీటిలోంచి లేచింది. మేనల్లుడు చెట్టు మోడును గండిలోకీ, రాతి కొనను దీవి కొనకూ తెచ్చి పడవ నిలిపాడు. మోకాలిలోతు నీటిలో దిగి దిబ్బ మీదికి నడిచాము. నేను పంచె ఎగగట్టి దిగాను. కాళ్ళ కింద గడ్డి మెత్తగా, చల్లగా, ప్రాణమున్న జంతువు బొచ్చులా ఉన్నది.

పది అడుగులు వేయకముందే సరంగు ఆగిపోయాడు.

పచ్చని గడ్డి నడుమ ఒక చాలు. మా గోదావరి పొలాల్లో దుక్కి దున్నిన నాటి చాలు ఎలా ఉంటుందో అలాగే, జానెడు వెడల్పున, మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలతలో. కాని తిన్నగా లేదు. ఏరులా మెలికలు తిరుగుతూ పోతున్నది. దాని పక్కన ఇంకొకటి, దాని అవతల ఇంకొకటి. ఆ దిబ్బ అంతా ఎవరో దున్ని పోయారు.

మేనల్లుడు మోకాళ్ళ మీద కూర్చొని చాలులో చేయి పెట్టాడు. అంచులను వేలితో తడిమాడు. ఇసుకను పిండి చూశాడు. నాకోసమే కాబోలు, తల ఎత్తకుండా చెప్పాడు. “లంగరైతే గీత తిన్నగా పోతాది సార్. గడ్డి తెగుతాది గాని వేళ్ళుంటాయి. తాబేలు కొసలే కొరుకుతాది. ఇది వేళ్ళతో పెకలించి తినేసింది. అంచులింకా కూలనేదు. నిన్నటిది. కాదు, నిన్నా ఇవాళా.”

నేను పెద్దపెద్ద గ్రంథాలకు వ్యాఖ్యానాలు విన్నవాణ్ణి. ఒక్క చాలు మీద అంతటి వ్యాఖ్యానం నేను వినలేదు.

అతడు లేచి ఆ చాలు వెంబడి నడుచుకుంటూ పోయాడు. ఇరవై అడుగుల దూరంలో ఆగి, మళ్ళీ కూర్చున్నాడు. తరువాత, మాకు వినిపించీ వినిపించనట్టు పిలిచాడు.

“మావా. ఇటు రా.”

పెద్ద చాలు పక్కన చిన్న చాలు. నాలుగు వేళ్ళ వెడల్పు. అది తల్లి చాలును ఆనుకొని కొంత దూరం పోయి, విసుగు పుట్టినట్టు వదిలి, పక్కకు తిరిగి, ఒక సముద్రనక్షత్రం చుట్టూ గుండ్రంగా చుట్టి, ఏమీ మేయకుండా ఆగి, మళ్ళీ గబగబా తల్లి చాలు దగ్గరికి వచ్చి కలిసింది. ఆ వంకరటింకర గీతలో ఒక పసిదాని ఆటంతా ఉన్నది. ఇసుక మీద అంత స్పష్టంగా రాసి ఉన్నదానిని చదవడానికి నాకు కూడా ఎవరి సాయమూ అక్కరలేకపోయింది. నిన్న నా కళ్ళెదుట ఊపిరి పీల్చినప్పుడు దాని కడుపు నీడన మరొక ప్రాణి ఉండి ఉంటుంది. నేను చూడలేదు. నా పద్యానికి రెండు ప్రాణులు బెదిరాయన్నమాట.

సరంగు చిన్న చాలు పక్కన కూర్చున్నాడు. చేయి పెట్టలేదు. పసిపిల్ల నిద్రపోతున్న మంచం పక్కన కూర్చున్న మనిషిలా కూర్చున్నాడు. “ఆ దూడ ఇది గాదు,” అన్నాడు కొంతసేపటికి. “అది బతికుంటే దీనికి అమ్మో అమ్మమ్మో అయ్యుంటాది.” దీదీ వచ్చి ఆయన భుజం మీద చేయి వేసింది.

నా నోట ఒక్క పాదమూ రాలేదు. రాకుండా ఆపుకోలేదు కూడా. పైన మహాకాశం, చుట్టూ వెనక్కి పోయి నిలిచిన సముద్రం, నడుమ నలుగురు ముసలీ ముతకా తడిగడ్డి మీద ఒక దూడ అడుగుజాడ చుట్టూ నిలబడి ఉన్నాము. అంతలో దిబ్బ అంచున గడ్డి కొసలు ఒడ్డు వైపుకు వాలాయి. పోటు మళ్ళుతున్నది. నీరు మొదట చిన్న చాలులోకి వచ్చింది, తరువాత పెద్దదానిలోకి. మేము పడవెక్కేసరికి దిబ్బ మునిగిపోయింది.

ఆదివారం ఉదయం పడవ ముక్కుకు పసుపు పూసి బొట్టు పెట్టారు. సంఘమంతా ఇసుకలో కూర్చున్నది. మొదట సరంగు చేయి ముంచి ఉంచాడు. “నేను ఆవుని సూడనేదు,” అన్నాడు. వెనుక నుంచి గుసగుసలు లేచాయి. “సాలు సూసేను. పెద్దదీ, సిన్నదీ.” అంతే చెప్పి తప్పుకున్నాడు.

తరువాత లేచింది మేనల్లుడు. అతడు ఏ పక్షాన నిలుస్తాడోనని అందరూ అతడినే చూస్తున్నారు. తడిచేయి ఉంచి, “నేనూ సూసేను. లంగరు గీత కాదు. తాబేలు కాదు. తల్లీ దూడా ఉన్నాయి,” అన్నాడు. పిమ్మట నా వైపు తిరిగాడు. “సార్, మీరూ రండి. పద్యం వద్దు.”

వెళ్ళాను. నీటిలో చేయి ముంచాను. తడిచేయి పడవ ముక్కు మీద ఉంచాను. వానలేని చోట, నా వయసుకు తగిన గొంతుతో చెప్పాను. “చెట్టు మోడు గండిలో ఉన్నది. రాయి దీవిని ముట్టుకున్నది. అది పైకి వచ్చింది. ఊపిరి వదిలింది.” ఏనుగుపిల్ల మాట ఎత్తలేదు.

లోపలి గడ్డి మీదా బయటి దిబ్బ మీదా వల పడకూడదని నిర్ణయమైంది. గాలి రోజులలో బయటికి పోలేనివారు మడుగులో గాలాలు వేసుకోవచ్చునన్నారు. ఆ మాట సరంగే ముందు తెచ్చాడు. గాలానికి ఆవు చిక్కదు. మేనల్లుడు ఒప్పుకున్నాడు. తిరుగు ప్రయాణానికి ముందు దీదీ వాళ్ళింటి పొయ్యి మీదే ఖీర్ వండింది. నాకు పెట్టలేదు. పది నిమిషాలు దాటి ముప్పావుగంట ఉన్నాను కదా అని వాదించాను. “ఆ తరవాత సర్?” అన్నది. చివరికి సరంగు తన గిన్నెలోది సగం నాకు పోశాడు.

ఆయనకు ఆవు ఇప్పటికీ కనిపించలేదు. ప్రతి పెద్ద ఆటుకూ దిబ్బ మీదికి పోయి చాళ్ళు చూసి వస్తాడు. చిన్న చాలు ఇప్పుడు ఆరువేళ్ళ వెడల్పున్నదని మొన్న చెప్పాడు. ప్రతి పున్నమి నాటి సాయంకాలం నాకు ఫోను చేస్తాడు. కుశలప్రశ్నలన్నీ ముగుస్తాయి. ఆయన ఏమి అడుగుతాడో నాకు తెలుసు.

“పంతులుగారూ, ఓసారి సెప్పండి.”

నేను కిటికీ మూసి, కూర్చొని, చెబుతాను. నీడ ఎటు నుంచి వచ్చిందో, తోక ఎన్నిసార్లు ఊగిందో, వీపు మీద గీతలెలా ఉన్నాయో. ఏదీ కలపను. ఏదీ విడవను. చివరన ఆయన ఎప్పుడూ ఒకటే అడుగుతాడు, అది ఊపిరి ఎలా వదిలిందని. అప్పుడు నేను మాట్లాడడం మాని, ఫోనును నోటికి దగ్గరగా పెట్టుకొని, మెల్లగా ఊపిరి వదిలి వినిపిస్తాను.